ఓటెవరికో తేల్చుకునే ముందు ఫోన్‌లో ఏది చూడాలి? సీమ ఓటరుకు ఐదు దారుల పోలిక

2024 ఏప్రిల్ ఆఖర్లో ఒక రాత్రి మా పెద్దనాన్న కొడుకు అనంతపురం నుంచి ఫోన్ చేశాడు. "ఏమప్పా, మన క్యాండిడేట్ మీద పదిహేడు కేసులంట, నిజమేనా? గ్రూపులో పెట్టినారు." ఏ గ్రూపన్నా అంటే బంధువుల గ్రూపే అన్నాడు. అరగంట ముందే ఇంకో గ్రూపులో అదే మనిషి ఫొటో కింద "మచ్చలేని నాయకుడు" అని చూశాను. రెండూ పంపినవాళ్లు ఊళ్లో పక్కపక్క ఇళ్లవాళ్లే. ఆ రాత్రే ఆయన నామినేషన్‌తో ఇచ్చిన అఫిడవిట్ (ప్రమాణపత్రం) తెరిచాం. ఉన్నవి నాలుగు కేసులు. మూడు ధర్నాలు, రాస్తారోకోలవి. నాలుగోది మాత్రం ఆగి చదవాల్సింది. పదిహేడూ అబద్ధమే, మచ్చ లేదన్నదీ అబద్ధమే.

సీమలో కరువు లేనిది ఫోన్‌లో వచ్చే సమాచారానికి ఒక్కదానికే అని మా అన్న అంటుంటాడు. ఎన్నికల సంఘం సైట్ ఉంది, స్వచ్ఛంద సంస్థల సైట్లు ఉన్నాయి, ఈ-పేపర్లు, యూట్యూబ్ చానళ్లు, రీల్స్, వాట్సాప్ ఉన్నాయి. ఉన్నది మాత్రం రెండు వారాలు. 2024లో నామినేషన్ల ఉపసంహరణ ఏప్రిల్ 29న ముగిసింది, పోలింగ్ మే 13న జరిగింది. బరిలో ఎవరున్నారో ఖాయంగా తెలిసింది మొదలు బటన్ నొక్కేదాకా సరిగ్గా 14 రోజులు. పైగా మన రాష్ట్రంలో ఎమ్మెల్యే, ఎంపీ ఓట్లు ఒకే రోజు పడతాయి కాబట్టి చదవాల్సింది రెండింతలు. అందుకని ఏ దారిలో ఎంత దూరం వెళ్లాలో ముందే అనుకుంటే టెన్షన్ ఉండదు.

## ముందు మీ నియోజకవర్గం ఏదో చూసుకోండి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, మన జిల్లాల్లో ఇక్కడే బోల్తా పడతారు. కర్నూలు కార్పొరేషన్‌లోనే ఉన్నా కల్లూరు వైపువాళ్ల ఓటు పాణ్యం అసెంబ్లీ కింద ఉంటుంది. పాణ్యం నంద్యాల లోక్‌సభ స్థానంలోకి వస్తుంది. అంటే కొండారెడ్డి బురుజు దగ్గర కొట్టు పెట్టుకుని కల్లూరులో కాపురం ఉండే మనిషి కర్నూలు అభ్యర్థుల గురించి ఎంత చదివినా, ఆయన ఓటు వేసేది వేరేవాళ్లకు. అనంతపురం చుట్టుపక్కల కొన్ని పల్లెలు రాప్తాడు కిందకు వస్తాయి, రాప్తాడేమో హిందూపురం లోక్‌సభలో ఉంది. 2022లో జిల్లాలు మారినా నియోజకవర్గాల హద్దులు మారలేదు. అందువల్ల మీ జిల్లా పేరును చూసి ఏదీ ఊహించుకోవద్దు. ఎన్నికల సంఘం ఓటర్ల పోర్టల్‌లో ఓటరు కార్డు నంబరు కొడితే అసెంబ్లీ, పార్లమెంటు, పోలింగ్ బూత్ మూడూ చూపిస్తుంది. రెండు నిమిషాల పని.

## వేటిని బట్టి తూచాలి

నేను ఏ సమాచారాన్నయినా కొన్ని ప్రశ్నలతో తూస్తాను. ఎక్కువ బరువిచ్చేది మొదటిదానికే.

తప్పు చెప్తే చెప్పినవాడికి ఏమవుతుంది? అఫిడవిట్ ప్రమాణం చేసి ఇచ్చేది. అందులో తెలిసి అబద్ధం రాస్తే, ఉన్నది దాస్తే 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఏ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. రీల్ చేసినవాడికి ఏమవుతుంది? వ్యూస్ వస్తాయి.

నేను వెతికితే దొరికిందా, దానంతట అదే వచ్చి పడిందా? అడగకుండా వచ్చినదాని వెనక పంపినవాడి అవసరం ఉంటుంది. వెతికి తెచ్చుకున్నదాంట్లో అవసరం మనది. ఈ ఒక్క తేడా పట్టుకుంటే సగం గందరగోళం పోతుంది.

ఎప్పటిది? ఐదేళ్ల కింద తీసిన వీడియో నిన్నటిదన్నట్టు తిరుగుతుంటుంది.

మా నియోజకవర్గం దాకా వస్తుందా? రాష్ట్రస్థాయి చర్చలో ఆలూరు, బద్వేలు, శింగనమల పేర్లు ఎన్నిసార్లు వినిపిస్తాయో మీకే తెలుసు.

తెలుగులో ఉందా, ఎంతసేపు పడుతుంది? ఇంగ్లిష్ పీడీఎఫ్ పాతిక పేజీలుంటే మా అమ్మ చదవదు. అది ఆమె తప్పు కాదు.

| దారి | తప్పయితే బాధ్యత | ఎంత తాజా | నియోజకవర్గం దాకా వస్తుందా | భాష | పట్టే సమయం |
|---|---|---|---|---|---|
| ఎన్నికల సంఘం అఫిడవిట్ | అభ్యర్థిది, చట్టప్రకారం | నామినేషన్ నాటిది | ప్రతి అభ్యర్థిదీ ఉంటుంది | ఎక్కువగా ఇంగ్లిష్ | మనిషికి 20 నిమిషాలు |
| మైనేతా (అఫిడవిట్లను కుదించి పెట్టే సైట్) | సంస్థది, మూలం మాత్రం అఫిడవిట్టే | కొన్ని రోజులు ఆలస్యం | వస్తుంది | ఎక్కువగా ఇంగ్లిష్ | 5 నిమిషాలు |
| సభలో పనితీరు రికార్డు | సభది, లెక్కకట్టిన సంస్థది | పదవీకాలమంతా | ఎంపీలకు బాగా, ఎమ్మెల్యేలకు కొంతే | ఇంగ్లిష్ | అరగంట |
| ఈ-పేపర్ జిల్లా పేజీ, లోకల్ యూట్యూబ్ | సంపాదకుడిది, చానల్‌ది | రోజువారీ | బాగా వస్తుంది | తెలుగు | రోజుకు 15 నిమిషాలు |
| వాట్సాప్, ఫేస్‌బుక్, రీల్స్ | ఎవరిదీ కాదు | గంటగంటకూ | బాగా వస్తుంది | తెలుగు, మన యాసలో | ఎంతిస్తే అంత తినేస్తుంది |

పట్టికను ఒకసారి అడ్డంగా చూడండి. బాధ్యత ఎక్కువున్నచోట తెలుగు తక్కువ, తెలుగు ఉన్నచోట బాధ్యత తక్కువ. మన ఓటరు ఇబ్బందంతా అక్కడే ఉంది.

## అఫిడవిట్: చప్పగా ఉంటుంది, అయినా మొదట ఇదే

అభ్యర్థి ఎవరో ఓటరుకు తెలియాలన్న మాట చట్టంలోకి ఊరికే రాలేదు. అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్ వేసిన కేసులో 2002లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. దాన్ని తప్పించుకునేలా చట్టం సవరిస్తే 2003లో మళ్లీ కోర్టు ఆ సవరణను కొట్టేసింది. అప్పటి నుంచి కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు చెప్పడం తప్పనిసరి అయింది. 2013లో ఇంకో తీర్పు వచ్చాక ఏ గడీ ఖాళీగా వదలడానికి లేదు. ఏమీ లేకపోతే లేదనైనా రాయాలి.

నామినేషన్‌తో పాటు ఇచ్చే ఈ అఫిడవిట్‌ను, అంటే ఫారం 26ను, రిటర్నింగ్ అధికారి 24 గంటల్లో ఎన్నికల సంఘం అఫిడవిట్ పోర్టల్‌లో పెట్టాలి. కేవైసీ యాప్‌లోనూ ఉంటుంది. ఆ పేరు చూసి బ్యాంకు కేవైసీ అనుకునేరు, ఇది 'మీ అభ్యర్థిని తెలుసుకోండి' యాప్. ఎన్నికల సంఘం ఇప్పుడు తన పాత యాప్‌లను ఈసీఐనెట్ అనే ఒకే యాప్‌లోకి తెస్తోంది కాబట్టి వచ్చే ఎన్నికలకు దీన్నీ అక్కడే వెతుక్కోవాల్సి రావచ్చు.

పోర్టల్‌లో నియోజకవర్గం ఎంచుకోగానే పేర్ల వరుస చూసి కంగారు పడొద్దు. మన దగ్గర అసలు అభ్యర్థితో పాటు భార్యో కొడుకో డమ్మీగా నామినేషన్ వేస్తారు, ఒకే మనిషి రెండు మూడు సెట్లు వేస్తాడు. పైన 'బరిలో ఉన్నవారు' అన్న ఫిల్టర్ నొక్కితే వడపోత అయిపోతుంది. ఇంకో తంటా, ఒకే పేరున్న అభ్యర్థులు. నేనొకసారి పావుగంటసేపు తప్పు మనిషి ఆస్తులు చదివి, "ఇంత పేదవాడా!" అని ఆశ్చర్యపోయాను. తీరా చూస్తే ఆయన ఓట్లు చీల్చడానికి నిలబెట్టిన అదే పేరు స్వతంత్రుడు. మొదటి పేజీలో తండ్రి పేరు, పార్టీ పేరు, ఫొటో మూడూ కలిశాకే ముందుకెళ్లండి.

ఆ తర్వాత మొదటి పేజీ నుంచి చదవక్కర్లేదు. తిన్నగా చివర ఉన్న పార్ట్-బీకి వెళ్లండి, సారాంశం అక్కడ పట్టికగా ఉంటుంది. వివరంగా చూడాలంటే ముందున్న పార్ట్-ఏకి రండి. అందులో మూడో అంశంలో అభ్యర్థి సోషల్ మీడియా ఖాతాల వివరాలుంటాయి, అవి రాసిపెట్టుకోండి, తర్వాత పనికొస్తాయి. ఐదోది పెండింగ్ కేసులు, ఆరోది శిక్షలు, ఏడు ఆస్తులు, ఎనిమిది అప్పులు, తొమ్మిది వృత్తి, పది చదువు.

### కేసుల గడి ఎలా చదవాలి

సీమలో కేసు లేని నాయకుడు దొరకడం కష్టం అని ఒక మాట తేలిగ్గా అనేస్తాం. ఆ తేలికే మనకు చేటు. కేసుల్లో రకాలున్నాయి. సంఖ్య పక్కన పెట్టి సెక్షన్ చూడండి. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) వచ్చింది, అంతకు ముందటి నేరాలకు పాత ఐపీసీయే వర్తిస్తుంది. అందువల్ల ఇకపై అఫిడవిట్లలో రెండు రకాల అంకెలూ కనబడతాయి.

| పాత ఐపీసీ | కొత్త బీఎన్ఎస్ | దేని గురించి |
|---|---|---|
| 188 | 223 | అధికారి ఉత్తర్వు మీరడం. నిషేధాజ్ఞలున్నప్పుడు ర్యాలీ తీసినా ఇదే పడుతుంది |
| 341 | 126 | దారికి అడ్డుపడటం. రాస్తారోకో కేసుల్లో మామూలు |
| 147, 148 | 191 | అల్లర్లు, ఆయుధాలతో అల్లర్లు |
| 353 | 132 | విధుల్లో ఉన్న ప్రభుత్వ ఉద్యోగిపై దాడి, బలప్రయోగం |
| 506 | 351 | బెదిరింపు |
| 420 | 318 | మోసం |
| 307 | 109 | హత్యాయత్నం |
| 302 | 103 | హత్య |

పైన రెండు వరుసలు నీళ్ల కోసం, కరెంటు కోసం రోడ్డెక్కినవాడి మీదా ఉంటాయి. హంద్రీ-నీవా నీళ్లడిగి రోడ్డు మీద కూర్చున్నవాడినీ, బాంబుల కేసులో ఉన్నవాడినీ ఒకే గాటన కట్టి "ఇద్దరికీ కేసులున్నాయి" అనడం అన్యాయం. కింది వరుసల దగ్గర మాత్రం ఆగండి. పక్క గడిలో అభియోగాలు ఖరారయ్యాయా లేదా అని ఉంటుంది. ఎఫ్ఐఆర్ దగ్గరే ఆగిన కేసుకూ, కోర్టు పరిశీలించి అభియోగాలు ఖరారు చేసిన కేసుకూ చాలా తేడా ఉంది. పెండింగ్ కేసంటే నేరం రుజువైనట్టు కాదని కూడా గుర్తుంచుకోవాలి. మన దగ్గర ప్రభుత్వం మారితే కేసులు పెట్టేవాళ్లు, పడేవాళ్లు తారుమారవుతుంటారు.

ఇంకాస్త ఓపికుంటే ఈ-కోర్ట్స్ సైట్ ఉంది. అఫిడవిట్‌లో ఎఫ్ఐఆర్ నంబరు, పోలీస్ స్టేషన్, కోర్టు పేరు ఉంటాయి కాబట్టి వాటితో కేసు ఇప్పుడు ఏ దశలో ఉందో చూడొచ్చు. కడప కోర్టులో దొరక్కపోతే కేసు మాయమైందని అనుకోవద్దు. ప్రజాప్రతినిధుల కేసులకు విజయవాడలో ప్రత్యేక కోర్టు ఉంది, అక్కడికి వెళ్లి ఉండొచ్చు.

### ఆస్తుల గడి

కోట్ల అంకె చూసి కళ్లు పెద్దవి చేయడం కన్నా గడులను పోల్చడం మేలు. భూమికి కొన్న ధర, ఇప్పటి విలువ వేర్వేరు గడుల్లో ఉంటాయి. సర్వే నంబరు, ఊరు, విస్తీర్ణం రాస్తారు. పల్లెల్లో ఉన్నవాళ్లకు ఇది బంగారం లాంటి వివరం, ఎందుకంటే ఆ చేను ఎక్కడుందో, ఎకరా ఎంత పలుకుతుందో ఊళ్లో పిల్లాడు కూడా చెప్తాడు. ప్రభుత్వ భూ రికార్డుల సైట్ మీభూమిలో అదే సర్వే నంబరు కొట్టి చూసేవాళ్లూ ఉన్నారు.

దీనికి హద్దులున్నాయి. అభ్యర్థి, భార్య లేక భర్త, హిందూ ఉమ్మడి కుటుంబం, ఆధారపడినవాళ్ల ఆస్తులే ఇందులో ఉంటాయి. పెళ్లయి వేరే కాపురం పెట్టిన కొడుకు ఆస్తి రాదు. బినామీ గురించి ఏ ఫారమూ చెప్పదు. పైగా ఈ మనిషి ఫోన్ ఎత్తుతాడా, పని ఉంటే గడప దాకా రానిస్తాడా అన్నదానికి ఇందులో గడి లేదు.

## మైనేతా: తొందరలో ఉన్నవాళ్లకు

పాతిక పేజీల పీడీఎఫ్‌ను ఒక పేజీకి కుదించి పెట్టేది మైనేతా డాట్ ఇన్ఫో. 2002 తీర్పుకు కారణమైన ఆ అసోసియేషనే దీన్ని నడుపుతోంది. అహ్మదాబాద్ ఐఐఎం ప్రొఫెసర్లు 1999లో పెట్టిన సంస్థ. మన నియోజకవర్గం తెరిస్తే అభ్యర్థులందరూ ఒకే పట్టికలో కనిపిస్తారు. కేసులెన్ని, చదువేంటి, ఆస్తెంత, అప్పెంత అన్నీ పక్కపక్కనే ఉంటాయి.

నాకు దీని అసలు ఉపయోగం వేరేచోట కనిపిస్తుంది. ఒకే మనిషి 2014, 2019, 2024లో ఇచ్చిన అంకెలను పక్కపక్కన పెట్టుకోవచ్చు. ఐదేళ్లలో ఆస్తి మూడింతలైతే అడగాల్సిన మాటే, కానీ తొందరపడి తీర్పివ్వొద్దు. బైపాస్ పక్కన పదెకరాలున్న మనిషి ఏమీ చేయకుండానే కోటీశ్వరుడు కావచ్చు. అంకె పెరిగిందా, ఆస్తుల జాబితా పెరిగిందా అన్నది చూడాలి. రెండోదయితే ప్రశ్న గట్టిది.

లోపాలేమంటే, నామినేషన్లు అయిన కొన్ని రోజులకు గానీ పూర్తి వివరాలు రావు. చేత్తో రాసిన అఫిడవిట్ నుంచి ఎక్కించేటప్పుడు పొరపాటు దొర్లే అవకాశం ఉంటుంది. కళ్లు తిరిగే అంకె ఏదైనా కనిపిస్తే అసలు పీడీఎఫ్‌లో సరిచూసుకోండి. వాళ్లు 'తీవ్రమైన కేసులు' అని వేరుగా లెక్కేస్తారు, గరిష్ఠ శిక్ష ఐదేళ్లు లేదా అంతకంటే ఎక్కువ ఉన్నవి, బెయిల్ హక్కుగా రానివి (నాన్-బెయిలబుల్) వంటివి అందులో వస్తాయి. ఆ విడదీత మాత్రం సామాన్యుడికి మంచి సాయం.

## సభలో ఏం చేశాడు: మళ్లీ నిలబడ్డవాళ్లకే

ఇప్పటికే ఎంపీగా ఉండి మళ్లీ ఓటడిగే మనిషికి ఇది పరీక్ష పేపరు. చట్టసభల పనిని లెక్కకట్టే పీఆర్ఎస్ సంస్థ సైట్‌లో ప్రతి ఎంపీ హాజరు, అడిగిన ప్రశ్నలు, పాల్గొన్న చర్చలు ఉంటాయి. ప్రశ్నల పాఠం, మంత్రి జవాబు పార్లమెంటు సైట్‌లో దొరుకుతాయి. కడప ఉక్కు ఫ్యాక్టరీ గురించి ఊళ్లో మైకు పట్టుకుని గర్జించిన మనిషి ఢిల్లీలో ఎన్నిసార్లు అడిగాడు? ఉక్కు ఫ్యాక్టరీ సాధ్యాసాధ్యాలు చూడాలని 2014 విభజన చట్టంలోనే రాసుంది కాబట్టి అడగడానికి ఆధారం కూడా ఉంది. ఎంపీకి ఏటా వచ్చే ఐదు కోట్ల నియోజకవర్గ అభివృద్ధి నిధుల కింద ఏ పనులు సిఫారసు చేశాడో ఆ పథకం పోర్టల్‌లో ఉంటుంది.

మంత్రులు హాజరు పట్టీలో సంతకం పెట్టరు, ప్రశ్నలు అడగరు. వాళ్ల వరుస ఖాళీగా ఉందని సభకే పోలేదనుకోవద్దు.

ఎమ్మెల్యేల దగ్గరికొచ్చేసరికి పంట పలచబడుతుంది. అసెంబ్లీ సమావేశాల వీడియోలు యూట్యూబ్‌లో ఉంటాయి, అంతే. ఫలానా ఎమ్మెల్యే ఐదేళ్లలో ఎన్నిసార్లు నోరు తెరిచాడో ఎంపీలకు ఉన్నంత చక్కగా లెక్కకట్టిన పట్టిక దొరకడం కష్టం. కొత్తగా నిలబడ్డవాళ్లకైతే ఈ దారే లేదు. ఇక్కడ పాతవాడికి వంద ప్రశ్నలు పడతాయి, కొత్తవాడు ఏ ప్రశ్నా లేకుండా తప్పించుకుంటాడు. ఆ తేడా మనసులో పెట్టుకోకపోతే మనం తెలియకుండానే కొత్తవాడి వైపు మొగ్గుతాం.

## ఈ-పేపర్లు, లోకల్ చానళ్లు

మన దగ్గర ఏ పేపరు ఏ పార్టీ చూపుతో రాస్తుందో టీ కొట్టు దగ్గర కూర్చున్న ఎవరినడిగినా చెప్తారు. కాబట్టి చిట్కా ఒకటే. ఒకే రోజు, ఒకే జిల్లా పేజీ, ఎదురెదురు చూపున్న రెండు పేపర్లలో చదవండి. రెండింటిలోనూ ఉన్న విషయం జరిగినట్టే. ఒక్కదాంట్లోనే ఉంటే అప్పుడు ఆలోచించాలి. జిల్లా పేజీ విలువ మరే సైట్‌కూ రాదు, తాగునీటి ట్యాంకు ఎందుకు ఆగిపోయిందో రాసేది అక్కడి విలేకరే.

అదే పేపర్లలో చాలామంది దాటేసే ప్రకటన ఒకటుంది. కేసులున్న అభ్యర్థి ఆ వివరాలను ప్రచార కాలంలో మూడుసార్లు పేపర్లోనూ టీవీలోనూ ప్రకటించాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. 2020లో ఇంకో అడుగు వేసి, కేసులున్న మనిషినే ఎందుకు ఎంచుకున్నారో పార్టీ తన వెబ్‌సైట్‌లో, సోషల్ మీడియాలో కారణం రాయాలంది. గెలుస్తాడు కాబట్టి అంటే చాలదట. ఆ కారణాలు ఒకసారి చదివి చూడండి. రాజకీయ కక్షతో పెట్టిన కేసులు, ప్రజల్లో ఆదరణ ఉంది, ఇలా చాలాచోట్ల ఒకే పాట. మన నియోజకవర్గం గురించి ఒక్క ముక్కయినా ఉందేమో చూస్తే పార్టీ ఎంత ఆలోచించిందో అర్థమవుతుంది.

యూట్యూబ్ లోకల్ చానళ్లతో జాగ్రత్త. కొందరు ఎండలో ఊరూరా తిరిగి మంచి పని చేస్తారు. కొందరికి ఎన్నికల ముందు నెలలోనే పుట్టుక, తర్వాత నెలలోనే చావు. చానల్ ఎప్పుడు మొదలైందో, ఇద్దరు అభ్యర్థుల ఇంటర్వ్యూలూ ఉన్నాయో చూస్తే చాలు.

## వాట్సాప్, రీల్స్: చూడక తప్పదు, నమ్మక తప్పుతుంది

దీన్ని పూర్తిగా వదిలేయమని నేను చెప్పను. అభ్యర్థి ఊళ్లోకి వచ్చినప్పుడు ఆడవాళ్లు బిందెలతో నిలదీసిన వీడియో మొదట వచ్చేది ఇక్కడికే. ఎవరో భయం లేకుండా తీస్తారు, ఇంకెవరో పంపుతారు. పేపర్లో వచ్చేసరికి అది రెండు వాక్యాలవుతుంది.

అయితే ఒక మెసేజ్ మీద రెండు బాణాల గుర్తుంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. వాట్సాప్ అలాంటివాటిని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తుంది. అభ్యర్థి పేరుతో ఉన్న పేజీ నిజంగా ఆయనదేనా అన్న అనుమానం వస్తే, ఇందాక మూడో అంశంలో రాసిపెట్టుకున్న ఖాతాలతో సరిచూడండి. 'ఫలానా అన్న అభిమానులు' అన్న పేజీ ప్రకటనలు గుప్పిస్తుంటే ఫేస్‌బుక్ ప్రకటనల వివరాలుండే మెటా యాడ్ లైబ్రరీలో ఆ పేజీ పేరు కొట్టండి, డబ్బు ఎవరు కట్టారో, సుమారు ఎంతో చూపిస్తుంది. గూగుల్, యూట్యూబ్ ప్రకటనలకూ అలాంటి పారదర్శకత పేజీ ఉంది. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు అన్న సంగతి ఆ అంకెలు చూసేటప్పుడు గుర్తొస్తే కొంచెం నవ్వూ వస్తుంది.

అనుమానం వచ్చిన వీడియోకు తెలుగులో ఫ్యాక్ట్‌చెక్ చేసేవాళ్లున్నారు, హైదరాబాద్ నుంచి నడిచే ఫ్యాక్ట్‌లీ అలాంటిదే. ఏఐతో చేసిన గొంతు, మొహం అనిపిస్తే పంపడానికి 2024 మార్చిలో ఫ్యాక్ట్‌చెక్ సంస్థల కూటమి మిస్‌ఇన్ఫర్మేషన్ కంబాట్ అలయన్స్ ఒక వాట్సాప్ నంబరు మొదలుపెట్టింది, తెలుగు వీడియోలూ తీసుకుంటారు. ఈవీఎంల గురించి, ఓటర్ల జాబితా గురించి వచ్చే పుకార్లకు ఎన్నికల సంఘం పెట్టిన 'మిత్ వర్సెస్ రియాలిటీ' పేజీ ఉంది. పెద్ద నాయకుల వీడియోలకే ఈ పరీక్షలు దొరుకుతాయి గానీ, మన మండలంలో పుట్టిన పుకారును అక్కడిదాకా ఎవరూ తీసుకుపోరు. దానికి మందు ఆ ఊరివాడికి ఒక ఫోన్ కొట్టడమే.

ఇక సెంటిమెంట్ల పోస్టులు. ఉరవకొండలో గెలిచిన పార్టీ రాష్ట్రంలో ప్రతిపక్షంలో కూర్చుంటుందని ప్రతి ఎన్నికకూ తిప్పేవాళ్లు. 2024లో అక్కడ గెలిచిన పార్టీయే ప్రభుత్వంలోకి వచ్చింది. ఇంకో ఐదేళ్లకు కొత్త సెంటిమెంట్ పుట్టిస్తారు లెండి.

## ఎవరికి ఏది

మొదటి ఓటు వేసే పిల్లలకు. మైనేతాతో మొదలుపెట్టి, ఇద్దరు ముగ్గురు ప్రధాన అభ్యర్థుల అఫిడవిట్‌కు వెళ్లండి. రీల్స్ చూడొద్దంటే మీరు వినరు. చూసిన ప్రతి రీల్‌కు ఒక్క ప్రశ్న వేసుకోండి, ఇది నా దగ్గరికి ఎందుకొచ్చింది? ఎవరూ నచ్చకపోతే నోటా ఉంది, కానీ చదివాక నొక్కే నోటాకూ చదవకుండా నొక్కే నోటాకూ తేడా ఉంది.

పల్లెలో ఉండే పెద్దవాళ్లకు, పొదుపు సంఘం అక్కలకు. ఇంగ్లిష్ పీడీఎఫ్ మీ చేతిలో పెట్టి చదవమనడం అన్యాయం. ఇంట్లో చదువుకున్న పిల్లల చేత పార్ట్-బీ ఒక్కటీ చదివించుకోండి. మిగతా సగం మీకు మాకంటే బాగా తెలుసు. అభ్యర్థి ఎలాంటివాడో, ఆయన చుట్టూ తిరిగేవాళ్లు ఎలాంటివాళ్లో ఏ సైట్ కూడా మీకు చెప్పలేదు. పిల్లలు కాగితం చెప్పాలి, మీరు మనిషిని చెప్పాలి.

ఇప్పటికే పార్టీ ఖాయం చేసుకున్నవాళ్లకు. మీకు పోలిక అక్కర్లేదని తెలుసు. అయినా ఒక పని చేయండి, ఎదుటివాడి అఫిడవిట్ చదివినంత ఇష్టంగా మీవాడిది చదవండి. మా అన్న ఆ రాత్రి అదే చేశాడు. ఓటు మారలేదు గానీ, ఆ నాలుగో కేసు గురించి మరుసటి రోజు పార్టీ ఆఫీసులో అడిగొచ్చాడు.

సర్పంచ్, ఎంపీటీసీ ఎన్నికలకు. పైన చెప్పిన చాలా దారులు ఇక్కడ మూసుకుపోతాయి. ఆ ఎన్నికలు నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం, కేంద్ర పోర్టల్‌లో వాళ్లు కనబడరు. సర్పంచ్‌కు పార్టీ గుర్తు కూడా ఉండదు. అక్కడ రచ్చబండే సెర్చ్ ఇంజిన్.

కువైట్‌లో ఉన్న కడప, రాజంపేట వైపువాళ్లకు. ప్రవాస ఓటరుగా నమోదైనా స్వయంగా వచ్చి వేయాల్సిందే, ఆన్‌లైన్ ఓటు లేదు. ఓటు వేయలేకపోయినా మీరు పంపే వాయిస్ మెసేజ్‌కు ఇంట్లో బరువెక్కువ. కాబట్టి గ్రూపులో వచ్చింది తిప్పి పంపకుండా, చదివిన అఫిడవిట్ పంపండి.

బెంగళూరు నుంచి ఓటేయడానికి వచ్చే సాఫ్ట్‌వేర్ వాళ్లకు. మీకు ఊరి సంగతి తక్కువ, ఇంగ్లిష్ ఎక్కువ, టైం అసలే లేదు. మీకు ఈ-పేపర్ జిల్లా పేజీ వారం రోజులవి, దాంతో పాటు అఫిడవిట్లు. ఎమ్మెల్యేకు ఇద్దరివి, ఎంపీకి ఇద్దరివి బస్సెక్కే ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, దారిలో సిగ్నల్ ఉంటుందో ఉండదో. పెనుకొండ వచ్చేలోపు రెండు అయిపోతాయి, అనంతపురం క్లాక్ టవర్ కనిపించేలోపు మిగతా రెండూ. మధ్యలో నిద్ర ముంచుకొస్తే ఆస్తులు వదిలేయండి, ఐదో అంశం మాత్రం చూసి పడుకోండి.